గొంతు తీసేసిన పదకొండు సెకన్లు

నేను ఒక నల్ల ఇనుపపెట్టెనని అనుకుంటారు నన్ను చూసినవాళ్ళు. తప్పేమీ లేదు. పక్కన జల్లెడలాంటి కన్నాలు, ముందు రెండు పచ్చదీపాలు, లోపల ఆగకుండా రొదపెట్టే ఫ్యాను. కంప్యూటర్నే గాని ఒకరి బల్లమీద దర్జాగా కూర్చునే జాతి కాదు నాది. మూలగదిలో ఉండి, తక్కిన కంప్యూటర్లు ఏమడిగితే అది అందిస్తూ ఉంటాను. సర్వర్ అంటారు నన్ను. ఇంటిల్లిపాదికీ వడ్డించి తన కంచం సంగతి మరిచిపోయే ఆడమనిషి ఉంటుందే, అలాంటి బతుకు.

నన్ను బిగించిన చేతులు ఏ దేశానివో నాకు తెలియదు. వరుసగా కూర్చున్న ఆడపిల్లలు, నెత్తిన నీలం టోపీలు. వాళ్ళలో ఒకమ్మాయి నా మూత బిగిస్తూ పెద్దగా ఆవులించింది. నా పుట్టుక గురించి నాకు గుర్తున్నది అంతే.

మొదట ఒక పంచదార మిల్లులో ఆరేళ్ళు పనిచేశాను. ఏ చెరకుబండి ఏ వేళకి గేటు దాటిందో చెప్పడం నా పని. మిల్లు మూతబడ్డాక అక్కడి మేనేజరుగారు నన్ను తుడిపించి బండెక్కించారు. చెరకు వాసన పోయింది గాని చీమలు మాత్రం చాలాకాలం నన్ను నమ్ముకునే ఉన్నాయి.

అలా వచ్చి పడ్డాను, విజయనగరం దాటాక ఒక చిన్న పట్నంలో ఉన్న బధిర బాలికల పాఠశాలకి. నూట పదిమంది ఆడపిల్లలు. ఒక్కరికీ వినబడదు. నా ఫ్యాను రొద ఎవరికీ విసుగు కలిగించని చోటు ప్రపంచంలో అదొక్కటేనేమో. ఆ పిల్లలు నా మీద చెయ్యి వేసి, లోపలి అదురు అరచేతికి తగలగానే కళ్ళు పెద్దవి చేసుకుని నవ్వేవారు.

హెడ్‌మిస్ట్రెస్ సత్యవాణిగారికి నేను ఎందుకు కావలసివచ్చానంటే, అంతకు ముందటేడు ఒక పిల్ల సైగలతో పద్యం చెబుతుంటే ఎవరో ఫోనులో తీసి ఊరందరూ చూసే చోట పెట్టారు. కింద జనం రాసిన రాతలు చదివి ఆవిడ రెండు రోజులు అన్నం తినలేదట. పిల్లల వీడియోలు ఇకమీదట మా గోడ దాటకూడదు, మా వీడియోలు మా దగ్గరే ఉండాలి అని పట్టుబట్టారు.

ఆ పని చెయ్యడానికి వచ్చినవాడు తారకేశ్. బజార్లో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం అతనిది. ఇద్దరు పిల్లల తండ్రి, మంచివాడు, నాలుకకి తీరిక లేనివాడు.

"బయట ఫోన్లలో వీడియోలు చూస్తారు కదండీ, అచ్చం అలాగే ఉంటాది మేడమ్. బొమ్మలూ, వెతుక్కునే గడీ, అన్నీ. కాకపోతే స్కూలు గేటు దాటి అవతలికి పోదు."

మాటలు నేర్పే హైమావతి టీచరు అనుమానంగా అడిగింది. "ముందు వేరేదాని మీద పెట్టి చూసుకోకూడదా తారకేశూ?"

"చూసుకోడానికి రెండోది ఏదీ టీచరుగారూ? ఇదే మన ప్రొడక్షన్ సర్వరు. రేపట్నించి నిజం పని దీనిమీదే. నిశ్చితార్థం లేదు, డైరెక్టుగా పెళ్ళే."

ఆవిడ నవ్వి తన క్లాసుకి వెళ్ళిపోయింది. ఆవిడ ఇంకో పది నిమిషాలు అక్కడే ఉండి ఉంటే నేను మీకు ఈ కథ చెప్పేదాన్ని కాదు.

నాకు పసుపు రాశారు, కుంకుమ పెట్టారు. సాంబ్రాణి పొగ నేరుగా నా ఫ్యానులోకి పోయింది. తారకేశ్ కీబోర్డు మీద ఒక్కొక్క వరసా కొట్టుకుంటూ వచ్చాడు. నా రెండు డిస్కుల్లో ఒకటి చచ్చిపోయిందని అప్పుడే బయటపడింది. "ఉన్నదాంట్లో సర్దుకోవాలి మేడమ్" అన్నాడు. వచ్చిన ప్రతి వీడియోనీ చిన్నది చేసి దాచమనీ, చిన్నది చెయ్యగానే అసలుదాన్ని చెరిపెయ్యమనీ నాకు చెప్పాడు. ఆ తర్వాత ఒకచోట అతని వేలు ఆగింది.

"మేడమ్, వీడియోల్లో సౌండు ఉంచమంటారా? తీసేస్తే ఇంకాస్త చోటు కలిసొస్తాది."

సత్యవాణిగారు గోడ గడియారం వైపు చూస్తున్నారు. "మన పిల్లలకి దాంతో పనేముందయ్యా? తీసెయ్. బేగి కానీ, రాహుకాలం వచ్చేస్తోంది."

ముప్ఫై ఏళ్ళు ఆ పిల్లల మధ్యే బతికిన మనిషి. ఆ పిల్లలకి వినబడదన్న సంగతి ఆవిడకి ఎంత బాగా తెలుసంటే, వాళ్ళ కోసం చెవులు రిక్కించుకుని ఎక్కడో ఎవరో ఉంటారన్న సంగతి ఆ క్షణాన గుర్తుకు రాలేదు. తారకేశ్ మీట నొక్కాడు. నేను పనిలోకి దిగాను.

రెండు నెలలు ఎవరికీ ఏమీ తెలియలేదు. తెలియడానికి ఏముంది? ఎక్కించినవన్నీ సైగల పాఠాలు. చూసేవాళ్ళకి వినబడదు. ఆఫీసు కంప్యూటరుకి స్పీకర్లే లేవు.

ఇప్పుడు హన్సిక గురించి చెప్పాలి. ఏడేళ్ళ పిల్ల, ఎప్పుడూ రెండు జడల్లో ఒకటి ఊడిపోయి ఉండేది. తల్లి నూకరత్నం సముద్రం ఒడ్డున రొయ్యల కంపెనీలో రొయ్యలు ఒలిచే పని చేసేది. ఏడో తరగతిలో బడి మానేసిన మనిషి. పిల్ల ఏడుపు విన్నది, నవ్వు విన్నది, నిద్రలో మూలుగు విన్నది. అమ్మా అన్న పిలుపు మాత్రం వినలేదు. పుట్టినప్పటినుంచి ఆ ఒక్క మాట కోసమే చూస్తోంది. జ్వరం వస్తే భయం, రాకపోతే ఎందుకు రాలేదోనని భయం, అలాంటి తల్లి. ఈ బళ్ళో మాటలు కూడా నేర్పుతారని ఎవరో చెబితేనే పిల్లని వదిలి ఉండటానికి ఒప్పుకుంది.

హైమావతి టీచరు ఏడాదిపాటు ఆ పిల్లతో కుస్తీ పట్టింది. పిల్ల చేతిని తన గొంతుమీద పెట్టుకుని పలికేది, తర్వాత ఆ చేతినే పిల్ల గొంతుమీద పెట్టేది. ఒక సోమవారం ఉదయం పని ఫలించింది. ఆవిడ రెండోసారి అనిపించి ఫోనులో తీసింది. పదకొండు సెకన్లు. పరుగున వచ్చి నాలోకి ఎక్కించింది.

ఆ మాట నాలోకి వచ్చింది. నేను బొమ్మని ఒక పక్కకి, గొంతుని ఒక పక్కకి విడదీశాను. బొమ్మని దాచాను. బియ్యంలో రాళ్ళు ఏరి పారేసినట్టు గొంతుని పారేశాను. అసలుదాన్ని చెరిపేశాను. నాకు చెప్పిన పని అది. అరనిమిషం పట్టింది.

టీచరు నా పక్కనే నిలబడి నూకరత్నానికి ఫోను చేసింది. అవతల యంత్రాల హోరు.

"నూకరత్నం! మీ అమ్మాయి అమ్మా అంది!"

"ఏటన్నాదీ?"

"అమ్మా అందమ్మా! ఇదిగో, పిలిచి ఫోనులో చెప్పించనా?"

ఆ హోరులో ఆ మనిషి ఏడుస్తోందని నాకూ తెలిసింది.

"వద్దు టీచరమ్మా. ఈ గోలలో నాకేటి ఇనబడతాది? ఏడేళ్ళు ఆగినాను, రెండో శనివారం దాకా ఆగలేనేటి? నా గుంట ఎదురుగా కూకుని ఇంతాను."

"సరే, వీడియో కూడా తీసి పెట్టాను. అదెక్కడికీ పోదులే."

గుమ్మంలోంచి సత్యవాణిగారు కేకేశారు. "సర్వర్లోకి ఎక్కిందా? అయితే నీ ఫోనులోంచి తీసెయ్ హైమా." పిల్లల వీడియోలు ఎవరి ఫోనులోనూ ఉండకూడదన్నది ఆ బడి కట్టుబాటు. టీచరు అక్కడే తీసేసింది.

రెండో శనివారానికి పన్నెండు రోజులుంది. మధ్యలో గురువారం నాడు పాఠశాల వార్షికోత్సవం. పట్నం పెద్దలు చాలామంది వచ్చారు. సత్యవాణిగారు సంబరం పట్టలేక హన్సికని వేదిక ఎక్కించి, చేతికి మైకు ఇచ్చి, అనమని సైగ చేశారు. పిల్ల అంది.

ఆ బళ్ళో చప్పట్లు కొట్టరు. రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు గాలిలో ఆడిస్తారు. వినబడని పిల్లలకి అదే చప్పట్ల మోత. వెనక వరసల్లో కూర్చున్న పిల్లలందరూ అలాగే చేతులెత్తారు. కాని ముందు వరసల్లో పెద్దలు లేచి నిలబడి, మామూలు చప్పట్లు కొట్టారు. ముద్దొచ్చి గట్టిగా నవ్వారు. వాళ్ళ వీపుల వెనక పిల్లల చేతులు కనబడలేదు. వేదిక మీద ఉన్న ఏడేళ్ళ పిల్లకి కనబడినవి పళ్ళు మాత్రమే. తను నోరు తెరిచింది, ఊరంతా నవ్వింది. అంతే అర్థమైంది దానికి. మైకు కింద పెట్టేసి రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ రోజు తీసిన వీడియో కూడా నా దగ్గర ఉంది, మూగగా. అందులో చూస్తే నాకూ వాళ్ళు వెక్కిరించినట్టే కనబడుతుంది.

రెండో శనివారం నూకరత్నం మొదటి బస్సుకే వచ్చింది. ఉతికిన చీర, చేతిలో జీళ్ళ పొట్లం, ఎంత తోమినా వదలని రొయ్యల వాసన. పిల్లని మూలగదిలోకే తీసుకొచ్చి తన ఎదురుగా కూర్చోబెట్టుకుంది. తన నోటివైపు చూపించింది. అనమంది.

హన్సిక తల అడ్డంగా ఊపింది.

"ఒక్కపాలి, బంగారం. ఒక్కపాలి అనీ. నానెవుర్ని? చెప్పు."

పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. టీచరు తన గొంతుమీద దాని చెయ్యి పెట్టబోతే లాగేసుకుని గోడవైపు తిరిగిపోయింది.

"నానేటి తప్పు సేసినాను టీచరమ్మా? నా దగ్గర మాత్తరం అనదేటి?"

"నీ తప్పు కాదమ్మా. వార్షికోత్సవం నాడు భయపడింది. నాలుగు రోజులు పోతే అదే అంటుంది. అందాకా వీడియో చూద్దువుగాని, రా."

నా పక్కనున్న తెరమీద బొమ్మ వచ్చింది. పిల్ల చెయ్యి గొంతుమీద ఉంది. పెదవులు కలిశాయి, విడిపోయాయి. టీచరు ముఖం వెలిగిపోయింది. బొమ్మ ఆగింది.

"సౌండు పెంచండి."

పెంచారు. స్పీకర్లు లేవని గుర్తొచ్చి వాచ్‌మన్ దగ్గరున్న చిన్న స్పీకరు తెచ్చి తగిలించారు. మళ్ళీ వేశారు. వేరే వీడియో వేసి చూశారు. ఇంకొకటి. అన్నీ మూగవే. హైమావతి టీచరు చెమటలు తుడుచుకుంటూ తారకేశ్‌కి ఫోను చేసింది. అతను దుకాణం వదిలేసి పరుగెత్తుకొచ్చాడు, గంటసేపు నా లోపలంతా వెతికాడు. మనుషులు పారేసుకున్నది దొరక్కపోతే పెట్టెని రెండుసార్లు తట్టి చూస్తారు. అతనూ తట్టాడు.

"తీయమన్నారు కదండీ... తీసీసినాను. అసలుది కూడా ఉంచలేదండీ." అతను మీటల మీంచి చెయ్యి తీశాడు. "సౌండు తీస్తే పెద్దగా కలిసొచ్చేదేమీ లేదండి నిజానికి. ఏదో అడిగాను."

ఆ మాట గుమ్మంలో విన్న సత్యవాణిగారు లోపలికి వచ్చారు. "నేనే చెప్పాను నూకరత్నం. నా నోటితో నేనే తీసెయ్యమన్నాను."

ఆవిడని తిడుతుందేమో అనుకున్నాను. నూకరత్నం అందరి ముఖాలూ ఒకసారి చూసింది.

"మీరేటి సేత్తారమ్మా. ఆ పొద్దు ఫోన్లో చెప్పించనా అన్నారు టీచరమ్మ. వద్దన్నది నానే." తెరవైపు తిరిగి అంది, "ఇంకోపాలి ఎయ్యండి."

నాలుగు రోజులన్నది నాలుగు వారాలైంది, నాలుగేళ్ళైంది, అవీ దాటిపోయాయి. హన్సిక మళ్ళీ గొంతు విప్పలేదు. చేతులతో మాత్రం వాగుడుకాయ అయింది. నూకరత్నం ప్రతి రెండో శనివారం వచ్చి నా ముందు కూర్చునేది. మొదట ఆ పదకొండు సెకన్లు చూసేది. పెదవుల కదలికని కళ్ళతో వినడానికి ప్రయత్నించేది. ఆ తర్వాత సైగల పాఠాలు ఒక్కొక్కటే వేయించుకుని, వేళ్ళు తిప్పుకుంటూ నేర్చుకునేది. ఒలిచి ఒలిచి చీరుకుపోయిన వేళ్ళు, కొన్ని సైగలకి సరిగా వంగేవి కావు. ఏడో తరగతిలో ఆగిన చదువు అలా నా దగ్గర మళ్ళీ మొదలైంది.

నా డిస్కు సంగతి అడగలేదు మీరు. అది ఏనాడూ నిండలేదు. ఇప్పటికీ సగం ఖాళీయే.

మొన్న హన్సిక పదో తరగతి పాసైంది. బడికి కొత్త సర్వరు వచ్చింది. నాలోనివన్నీ తారకేశ్ దానిలోకి ఎక్కిస్తుంటే, తల్లీ కూతుళ్ళు సామాను తీసుకుపోవడానికి వచ్చారు. సరిగ్గా పోతున్నాయో లేదోనని అతను ఒక్కొక్కటే వేసి చూస్తున్నాడు. అందులో ఆ పదకొండు సెకన్లూ వచ్చాయి.

హన్సికకి ఆ రోజు గుర్తు లేదు, తల్లి ఆ వీడియోని ఎప్పుడూ ఒంటరిగానే చూసేది. తెరమీద చిన్నపిల్లని వింతగా చూసి, చేతులతో తల్లిని అడిగింది: ఏమంటున్నాను అందులో?

నూకరత్నం ముక్కుపుడక చోట వేలు ఆనించింది. సైగల భాషలో అది అమ్మ.

హన్సిక నవ్వింది. తర్వాత కాస్త సిగ్గుపడుతూ తన గొంతు తాకి చూపించి అడిగింది: ఎలా ఉండేది?

తారకేశ్ కీబోర్డువైపు తల దించుకున్నాడు. నూకరత్నం తడుముకోలేదు. బాగుండేది, అని చేతులతో చెప్పింది. చాలా బాగుండేది. చక్కగా పిలిచావు.

పిల్ల తల్లి ముఖాన్ని చాలాసేపు చూసింది. తర్వాత ట్రంకుపెట్టె తెచ్చుకోవడానికి వెళ్ళింది. అప్పుడు నూకరత్నం, గుమ్మంలో నిలబడి చూస్తున్న హైమావతి టీచరు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"టీచరమ్మా, మీరు ఇన్నారు కదా. నాను అబద్ధం చెప్పలేదు కదా?"

టీచరుకి ఇప్పుడు జుట్టంతా నెరిసింది. "ఎంతమంది పిల్లల చేత అనిపించానో నూకరత్నం. అన్ని అమ్మలూ నా చెవుల్లో కలిసిపోయాయి. నీకు ఉత్తమాట చెప్పలేను."

"పోనీలెండి" అంది నూకరత్నం. పెట్టెకి రెండోవైపు పట్టుకోవడానికి వెళ్ళిపోయింది.

నా తీగ పీకేశారు. ఇప్పుడు వరండాలో విరిగిన బెంచీల పక్కన ఉన్నాను. రేపు పాతసామాన్ల ఆటో వస్తుందట. విప్పేస్తారు, రాగి ఒకవైపు, ఇనుము ఒకవైపు. విడదీయడం నేనూ చేసిన పనే, ఏడవడానికి నాకు హక్కు లేదు.

కాని మీరు ఎప్పుడైనా ఆ సముద్రం ఒడ్డు రోడ్డున వెళితే, రొయ్యల కంపెనీ బస్సు దిగే ఆడవాళ్ళలో నూకరత్నం అనే ఆవిడ కనబడితే, ఒక్క మాట చెప్పండి. ఆ గొంతు అరనిమిషం నా దగ్గర ఉంది. ముక్కుతో పలికింది, నిజమే. చివరి దీర్ఘం ఎక్కడ ఆపాలో తెలియక సాగింది. కాని దారి తప్పిన పిల్ల సంతలో తల్లి చెంగు కనబడగానే పిలిచినట్టు ఉంది. ఆమె కూతురికి చెప్పింది అబద్ధం కాదు.