యమబుకి మీది చెక్కగది

అర మిల్లీమీటరు తేడా వస్తే ధర్మారావుకి ఆ పూట అన్నం సహించదు. ముప్పయ్యేళ్లు కార్లకు డ్రాయింగులు గీసి రిటైరైన మనిషి. ఇప్పుడు అమెరికాలో, నోవై ఊళ్లోని ఇంటి బేస్‌మెంట్‌లో కూర్చుని బుల్లి ఓడలు కడుతున్నాడు.

2009 చలికాలమంతా ఒక్క ఓడతోనే గడిచింది. దాని పేరు యమబుకి. యుద్ధకాలంలో సరుకు ఓడలకు కాపలాగా తిరిగిన చిన్న జపాన్ యుద్ధనౌక. పక్కింటి జపాన్ ఆవిడ మొరిటా గారు ఒకసారి అతని భార్య వసుమతితో టీ తాగుతూ ఆ పేరెత్తిందట. ఆవిడ నాన్న అందులో నావికుడై ఉంటాడని ధర్మారావు తనంతట తానే తేల్చేసుకున్నాడు. పెద్దావిడని యుద్ధం సంగతులు అడగడం మర్యాద కాదని ఊరుకున్నాడు కూడా. ఆవిడ శనివారం సాయంత్రం ఫ్లైట్‌కి జపాన్‌లోని నగోయా వెళ్లిపోతోంది, ఇక రాదు. పన్నెండేళ్ల ఇరుగుపొరుగుకి ఇది కానుక.

శుక్రవారం మధ్యాహ్నం గుడ్డ తీసి చూపించాడు. మూరెడు ఓడ, దాని మీద ఫిరంగులు, టార్పెడోలు, అన్నీ లెక్క ప్రకారం. మొరిటా గారు "వెరీ నైస్" అంటూ వంగి నమస్కరించింది. ఆమె వేలు మాత్రం డెక్ మీద దేనికోసమో వెతుకుతోంది.

"ఇక్కడ చెక్కగది ఉండేది," అంది మెల్లగా తన ఇంగ్లీషులో. "యుద్ధం అయిపోయాక ఫిరంగులు తీసేసి, తైవాన్‌లో చిక్కుకుపోయిన మమ్మల్ని ఈ ఓడలోనే ఇంటికి తెచ్చారు. నాకప్పుడు ఆరేళ్లు. మా తమ్ముడు ఆ గదిలోనే పుట్టాడు. ఇప్పుడు వాడి దగ్గరికే వెళ్తున్నాను. ఈ ఓడ ఎలా ఉంటుందో వాడెప్పుడూ చూడలేదు."

ధర్మారావు ముఖం చిన్నబోయింది. ఓడ కట్టేముందు దాని చరిత్ర ప్రింట్ తీసుకుని, 1945 ఆగస్టు దగ్గర చదవడం ఆపేశాడు. ఆ కింద ఇంకో నాలుగు లైన్లున్నాయి. ఆయుధాల్లేకుండా జనాన్ని ఇళ్లకు చేర్చిందని. ఓడ చేసిన మంచిపనంతా అక్కడుంటే, ఈ మహానుభావుడు దాన్నే వదిలేశాడు.

"గది సైజ్ ఎంతండీ?" అని అడిగాడు.

"తెలీదు. అమ్మ పడుకుంటే తల ఒక గోడకి, కాళ్లు ఇంకో గోడకి తగిలేవి. అమ్మ అచ్చం వసుమతి అంత ఉండేది."

వసుమతి టీ కప్పు పక్కన పెట్టి, కార్పెట్ మీద వెల్లకిలా పడుకుంది.

"కొలవండి. నవ్వారంటే ఊరుకోను."

టేపు పెడితే అయిదడుగుల రెండంగుళాలు. బుల్లి ఓడ అసలుదానిలో రెండువందలవ వంతు కాబట్టి, గదికి ఎనిమిది మిల్లీమీటర్లు.

శనివారం పొద్దున్నే ఫిరంగులు, టార్పెడోలు ఊడదీశాడు. ఒక్కోటి చేయడానికి వారం పట్టింది మరి, ప్రాణం ఉసూరుమంది. పూజగదిలోని అగ్గిపుల్లలు సన్నగా చీల్చి, గది కట్టి, డెక్ మీద అతికించాడు.

వసుమతి స్కేలు పెట్టి చూసింది.

"ఏవండీ, రెండుసార్లు చెక్ చేశాను. ఇది పది ఉంది. మీ లెక్క తప్పింది."

ధర్మారావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"తప్పలేదు వసూ. బాలింతరాలు కదా, కాళ్లు చాపుకోనీ."