లిడియా చేసే ఆపిల్ గుజ్జు

తురార్ భార్య లిడియా పోయాక వచ్చిన మొదటి ఆకురాలు కాలం అది. తల్గార్ ఊళ్ళోని వాళ్ళ ఇంటి పెరట్లో ఆపిళ్ళు రాలి గడ్డిలో మగ్గిపోతున్నాయి. తురార్ జీవితమంతా అల్మాటీ నగరానికి బస్సు నడిపినవాడు. టీ కాచుకోవడం తప్ప వంటింట్లో మరో పని ఎరగడు. ఏటా ఈ రోజుల్లో లిడియా ఆపిళ్ళు ఉడకబెట్టి, జల్లెడలో రుద్ది, దాల్చినచెక్క, లవంగాలు వేసి గుజ్జు చేసేది. ఆమె పుట్టింటి జర్మన్ వంట. చలికాలమంతా అతను దాన్ని రొట్టెకు పట్టించి తినేవాడు.

ఆదివారం తనే చేద్దామని పొయ్యి వెలిగించాడు. కాసేపటికి మాడు వాసనకు పక్కింటి రౌషన్ పరిగెత్తుకొచ్చింది.

"ఏమయ్యా, కొంప తగలబెట్టుకుంటున్నావా?"

"ఆపిల్ గుజ్జు చేస్తున్నానక్కా."

ఆమె గిన్నెలోకి తొంగిచూసింది. "ఇది గుజ్జా, నీ బస్సుకు పోసే ఆయిలా? నీళ్ళు పోశావా అసలు?"

"ఆపిల్‌లోనే ఉంటాయిగా నీళ్ళు."

"నీ బుర్రలో ఉన్నాయి! లే, నేను చేసిపెడతాను."

"వద్దక్కా. లిడియా చేసినట్టే రావాలి."

రౌషన్ వెళ్ళాక ఇల్లు మళ్ళీ నిశ్శబ్దమైంది.

తురార్ జర్మనీలో ఉన్న మరదలు ఎల్లాకు ఫోన్ చేశాడు.

"మీ ఇంట్లో ఈ గుజ్జులో లవంగాలెన్ని వేస్తారమ్మా?"

"లవంగాలా? మా అమ్మ వట్టి ఆపిళ్ళే ఉడికించేది బావా. మసాలా మొదలైంది మీ ఇంట్లోనేగా!" ఎల్లా నవ్వింది. "పెళ్ళైన కొత్తలో ఒక చెంచా తిని, పళ్ళు రాని పిల్లల తిండి అన్నావట. అప్పట్నుంచి నీకోసం వేసేది. అక్కకేమో ఆ వాసనే పడదు. తన వరకు ముందే ఓ గిన్నెలో తీసిపెట్టుకునేది. నీకు తెలీదా?"

"తెలుసు" అన్నాడు తురార్.

తెలియదు. వంటగట్టు దగ్గర నిలబడి ఆమె చిన్న గిన్నెలో ఏదో తినడం చాలాసార్లు చూశాడు. పెరుగనుకున్నాడు. ఏమిటని అడగలేదు.

ఈసారి నీళ్ళు పోసి సన్నటి సెగ మీద ఉడికించాడు. జల్లెడలో రుద్దాక ఒక గిన్నెడు తీసి పక్కన పెట్టాడు. మిగిలినదాంట్లో మసాలా వేసి, సీసాకెత్తి రౌషన్‌కు ఇచ్చి వచ్చాడు.

"కూర్చో, టీ తాగి పోదువుగాని" అందామె.

"పనుందక్కా."

పనేమీ లేదు. ఇంటికొచ్చి ఆ గిన్నె ముందు కూర్చున్నాడు. మొదటి చెంచా నాలుకకు పుల్లగా తగిలింది. తరువాత మెల్లగా పండు తీపి. రెండో చెంచా తిన్నాడు.

"బాగుందే!" అన్నాడు పైకే, వంటగట్టు వైపు తిరిగి.

టీ నీళ్ళు కూడా పెట్టుకోకుండా, గిన్నె అడుగు కనిపించేదాకా నెమ్మదిగా తింటూ కూర్చున్నాడు.