వాసన నిండుకుంది

నా కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మీ వీధంతా చెప్పుకుంటుంది. ఉండక ఏం చేస్తుంది మరి? మదనపల్లెలో వకీలు గోవిందస్వామి గారి ఆఫీసులో పారాలీగల్‌గా చేరిన రోజు నుంచి నా ఉద్యోగం ఏమిటో ఒక్కరికైనా అర్థమయ్యేట్టు చెప్పలేకపోయాను. గుమాస్తావా అంటారు. టైపు కొడతావా అంటారు. దర్జీ కొట్టులో కూర్చుని మా అబ్బా మాత్రం, “మా మునీరా కోర్టును నడుపుతుంది” అని వచ్చిన వాళ్లందరికీ చెప్పేస్తారు. నేను కోర్టులో వాదించను, దాన్ని నడపను కూడా. రోడ్డు మీద దెబ్బలు తగిలిన వాళ్ల వెంట తిరుగుతాను. ఆసుపత్రిలో వాళ్లతో పాటు వరసలో నిలబడతాను. పెద్ద మాటల్ని చిన్న మాటలు చేసి వాళ్లకు చెబుతాను. ఇంట్లో వాళ్లు కూడా విని విని విసుగెత్తిన గోడు నేను మళ్లీ మొదటి నుంచి వింటాను.

మా సారుకు షుగరు వచ్చినప్పటి నుంచి ఆకుపచ్చ పిచ్చి పట్టింది. పొద్దున మునగాకు నీళ్లు, మధ్యాహ్నం పాలకూర, సాయంత్రం గాజు గ్లాసులో ఏదో చిక్కటి పచ్చరసం. ఫోనులో వీడియోలు చూసి ఆ జ్ఞానమంతా కక్షిదారుల మీద కుమ్మరిస్తారు. కాలు విరిగి కర్రల మీద వచ్చిన మనిషికి కూడా, “ఆకుకూరలు బాగా తినప్పా, ఎముక అతుక్కుంటాది” అని చెప్పి పంపుతారు. అలాంటి ఆయన ఎదుట అమరావతమ్మ కూర్చున్న రోజు చూడాలి. బచ్చలిలో ఇనుము ఉందని ఆయన చెబుతుంటే ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా విన్నది. ఆమె బతుకంతా ఆకుల్లోనే గడిచిందని కాగితాలు చూశాకగానీ ఆయనకు తెలియలేదు.

అమరావతమ్మది పుంగనూరు. వానలు పడితే చాలు, చేలగట్ల మీద తిరిగి గురుగాకు, చెంచలాకు, దొగ్గలాకు, పొన్నగంటాకు కోసి, అన్నీ కలిపి కట్టలు కట్టి బజారులో అమ్మేది. నాటిన కూర కాదు, వాన మొలిపించిన కూర. ఒకే తీరుగా కనిపించే ఆకులు రెండుంటే ఒకటి తినదగ్గది, ఇంకొకటి కానిది. వేళ్ల కొనలతో నలిపి ముక్కు దగ్గర పెట్టుకుని ఏది ఏదో తేల్చేసేది. పోయిన ఏడు బజారుకు నడిచి వస్తుంటే వెనక నుంచి ఒక వ్యాను తగిలింది. విరిగిన చెయ్యి అతుక్కుంది. తల వెనక గాయం మానింది. వాసన మాత్రం పోయింది.

నష్టపరిహారం కోసం కేసు వేస్తే ఇన్సూరెన్సు తరఫు వకీలు నవ్వాడు. చెయ్యి ఆడుతోంది, ముక్కు ఉన్న చోటే ఉంది, ఇంకేం పోయిందని అడిగాడు. నిజం చెప్పాలంటే మా సారు కూడా సగమే నమ్మారు. వాసన పోవడం కంటికి కనిపించదు కదా.

“దుడ్డు సంగతి మీరూ మీరూ సూసుకోండమ్మా,” అంది అమరావతమ్మ నాతో. “నా కట్టలో కంపాకు కలిసిపోయినాది. పప్పంతా సేదెక్కిందని బజారులో అందరి ముందర కట్ట నా మొగాన కొట్టినారు. కండ్లు మూసుకోని కోసినానంట. వాసన తెలీదంటే దొంగ మాటలంటాండారు. నా కూతురు పల్లవే నమ్మలా. నేను అబద్ధం సెప్పలేదని డాక్టరు రాసిన కాయితం ఒకటి సాలు నాకు.”

ఆ కాగితం కుప్పంలో పెద్ద ఆసుపత్రిలో దొరుకుతుంది. కేసు వాయిదా దగ్గర పడింది. అది లేకపోతే వాసన మాట కొట్టేస్తారని సారు ముందే చెప్పారు. కొట్టేస్తే ఆమె జీవితాంతం పుంగనూరు బజారులో అబద్ధాలకోరుగానే మిగిలిపోతుంది. అందుకని నేను పొద్దున్నే మదనపల్లెలో బస్సెక్కాను, ఆమె పుంగనూరులో ఎక్కి నా పక్కన కూర్చుంది.

రాత్రి వాన పడి వెలిసినట్టుంది. రోడ్డు మెరుస్తోంది. కొండలు సగం మబ్బులో ఉన్నాయి, సగం ఎక్కడున్నాయో తెలియదు. బస్సు ఊగుతూ పోతుంటే అందరూ తలలు వాల్చేశారు. అమరావతమ్మ మాత్రం కిటికీకి ముఖం ఆనించి కూర్చుంది.

“ఇప్పుడేం వాసనొస్తాదమ్మా?” అని అడిగింది.

నేను చెప్పాను. టమాటా బండి పోతోంది, పుల్లటి వాసన. కాసేపటికి మళ్లీ అడిగింది. తడిసిన గడ్డివాము, ఎక్కడో కట్టెల పొయ్యి. మళ్లీ అడిగింది. పశువులు, పూలతోట, ఎవరో సీట్లో ఒలుస్తున్న నారింజ. మామూలుగా ఎవరైనా ఒకే మాట రెండుసార్లు అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజు మండలేదు. నేను చెప్పిన ప్రతిదానికీ ఆమె కళ్లు మూసుకుని తల ఊపుతుంటే, పసిబిడ్డకు ఒక్కో ముద్ద పెడుతున్నట్టు అనిపించింది. పలమనేరు దాటాక నాకూ నిద్ర పట్టేసింది. కలలో పెద్ద పచ్చటి చేను. మోకాళ్ల దాకా ఆకులు. వంగి ఒకదాన్ని నలిపి వాసన చూస్తే ఏమీ లేదు. ఇంకొకటి నలిపాను, ఏమీ లేదు. చేనంతా గాజుతో చేసినట్టుంది. భయమేసి లేచి చూస్తే అమరావతమ్మ తన కొంగు నా భుజం మీద కప్పి ఉంది.

కుప్పంలో ఆసుపత్రి వరండాలో పిలుపు కోసం కూర్చున్నప్పుడు ఆమె టిఫిను క్యారియరు తెరిచింది. రాగి సంగటి, కలగూర పప్పు. కందిబ్యాళ్లతో పాటు ఆకు మెత్తగా ఎనిపి, ఎర్రగడ్డ వేసి తిరగవాత పెట్టింది. పల్లవి గొణుక్కుంటూనే ఆకులు ఏరిచ్చిందట, ఏది ఏదో ఈమెకు తెలిసే దారి లేదు కాబట్టి. సంగటి ముద్దకు పప్పు అద్దుకుని నోట్లో పెట్టుకున్నాను. మా సారు తాగే పచ్చరసాలన్నీ దీని ముందు దిగదుడుపే. ఆమె మాత్రం తినకుండా నా ముఖమే చూస్తోంది.

“మీరు తినరేం?” అన్నాను.

“నాకు మట్టి నమిలినట్టే ఉంటాదమ్మా. తినేవాళ్ల మొగం సూస్తే రుచి కొంచెం తెలస్తాది,” అంది.

అంతలో పేరు పిలిచారు. రోగిని ఒక్కదాన్నే రమ్మన్నారు. నేను బయట నిలబడ్డాను. ఎంతోసేపు కాలేదు, ఆమె కాగితం పట్టుకుని నవ్వుతూ వచ్చింది. “అంతా సెప్పేసినానమ్మా” అంది. కాగితం చదివాను. ఇంగ్లీషులో రాసి ఉంది: రోగి చెప్పిన ప్రకారం వాసన సంపూర్ణంగా ఉంది.

మళ్లీ చదివాను. “ఏం చెప్పారమ్మా లోపల?”

“ఉన్న మాటే సెప్పినా. వాసన ఉండాదా అని అడిగినాడు. నిండుకునిందప్పా అన్నాను.”

మా వైపు ఇళ్లలో బియ్యం అయిపోతే అయిపోయాయని అనరు, లేవని అసలే అనరు. నిండుకున్నాయంటారు. ఉప్పు నిండుకుంది, నూనె నిండుకుంది. లేదన్న మాట నోట పడితే ఆ వస్తువు ఇక ఇల్లు తొక్కదని భయం. ఉర్దూ మాట్లాడే మా ఇళ్లలోనూ అంతే. సాయంత్రం కొట్టు మూసేటప్పుడు మా అబ్బా మూయమనరు, ‘దుకాన్ బఢావ్’ అంటారు, అంటే దుకాణం పెంచమని. అమరావతమ్మ తన ముక్కు గురించి కూడా అదే మర్యాద పాటించింది.

తలుపు తోసుకుని లోపలికి పోయాను. అనుమతి అడగలేదు. డాక్టరు కుర్రవాడు, ధార్వాడ నుంచి వచ్చాడట. నా అరుపు అంతా ఓపిగ్గా విన్నాడు.

“నిండు అంటే ఫుల్ కదండీ?” అన్నాడు. “ప్రసూతి వార్డులో రోజూ వింటాను, నిండు నెలలు అని. ఈ కాఫీపొడి డబ్బా కూడా చూపించాను. కాఫీపొడి అని కరెక్టుగా చెప్పింది.”

“డబ్బా మీద బొమ్మ ఉంటే నేనూ చెబుతాను. ఆమెకు ముక్కు పోయింది సార్, కళ్లు పోలేదు,” అన్నాను. తరవాత నిండుకోవడమంటే ఏమిటో విడమరిచి చెప్పాను, దుకాణం పెంచడంతో సహా. ఆయన నవ్వలేదు. రాసిన కాగితం తీసుకుని చింపేశాడు.

“మళ్లీ చేద్దాం. కళ్లకు గంతలు కట్టి చేద్దాం,” అన్నాడు. “కానీ ఈసారి ఉంది, లేదు, ఈ రెండు మాటల్లోనే చెప్పాలి. వేరే మాట చెబితే రేపు కోర్టులో మళ్లీ ఇదే గొడవ.”

అమరావతమ్మను కుర్చీలో కూర్చోబెట్టి కళ్లకు మెత్తటి గుడ్డ కట్టారు. నన్ను పక్కన ఉండనిచ్చారు. డాక్టరు చిన్న సీసా మూత తీసి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. మల్లెపూల అత్తరు. గది మొత్తం ఘుమఘుమలాడింది.

ఆమె కొంగు సర్దుకుంది.

“ఉందా, లేదా అమ్మా?” అన్నాడు డాక్టరు.

“నిండుకున...” అని ఆగిపోయింది.

“లేదు అనండమ్మా. ఒక్క మాట,” అన్నాను నేను.

“ఆ మాట యాల అనిపిస్తావమ్మా నా సేత?” ఆమె నా వైపు తిరిగింది. “నిండుకునిందంటే మళ్లా వస్తాది. సంతకు పోతే బియ్యం రావా? లేదంటే ఇంగ లేనట్టే గదా. ఇన్నాళ్లూ ఇంట్లో కూడా అనలేదు నేను.”

నాకు అప్పుడు తెలిసింది, ఆమె ఇంత కాలం దేన్ని కాపాడుకుంటూ వచ్చిందో. ఆమె మాటను లోకం నమ్మాలంటే ఆమె ఆశను ఆమె నోటితోనే కొట్టేయించాలి. ఈ పని నా చేతికి వచ్చినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. అయినా వాయిదా ఆగదు. ఆమె భుజం మీద చెయ్యి వేశాను.

“అనకపోతే వాళ్లు మిమ్మల్ని దొంగ అంటారు,” అన్నాను. “అది నేను పడలేనమ్మా.”

కిటికీ అవతల ఎవరో తమిళంలో బిడ్డను పిలుస్తున్నారు.

“లేదు,” అంది చివరకు.

తరవాత కాఫీపొడి. లేదు. సబ్బు. లేదు. ఇంగువ పెట్టినప్పుడు నాకే ముక్కు అదిరింది. ఆమె ఊపిరి లోతుగా పీల్చి, ఆగి, లేదు అంది. ఆ మాట అన్న ప్రతిసారీ గొంతు మరింత చిన్నదైపోయింది. కట్టిన గుడ్డ అంచు తడిసింది. నేను తుడవలేదు, తుడిస్తే ఆమె ఆగిపోతుందని.

డాక్టరు ఆఖరి సీసా తీశాడు.

ఆమె ముఖం మారింది. మెడ కొంచెం ముందుకు చాపింది. “ఉండాది,” అంది.

డాక్టరు చెయ్యి కదపలేదు. “ఏ వాసన అమ్మా?”

“వాన వెలిసినాక గట్టు మీద గురుగాకు తుంచితే వస్తాదే, అది. పచ్చి వాసన. కింద తడి మన్ను కూడా ఉండాది.” ఆమె రెండు చేతులూ గాలిలో ఏదో తడుముతున్నాయి, అక్కడ గట్టే ఉన్నట్టు. “వస్తాంది మునీరమ్మా. బాగా వస్తాంది.”

డాక్టరు సీసాను నా వైపు తిప్పి చూపించాడు. అందులో ఉత్త నీళ్లు. నటించే వాళ్లను పట్టుకోవడానికి సీసాల్లో ఒకటి ఇలా పెడతారట. “నటన కాదు,” అన్నాడు నెమ్మదిగా, ఇంగ్లీషులో. “తలకు దెబ్బ తగిలిన వాళ్లలో కొందరికి లేని వాసన వస్తుంది. ఇది కూడా రాస్తాను. మీ కేసుకు ఇంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు.”

కాగితం గెలిచింది. నాకు సంతోషం రాలేదు.

“వచ్చేసినట్టేనా అమ్మా?” గంతల కింద నుంచి ఆమె నవ్వుతోంది. “నా వాసన నాకు తిరిగొచ్చినట్టేనా?”

డాక్టరు నా వైపు చూశాడు. చెప్పాల్సింది నేనే. గుడ్డ ముడి విప్పాను, ఆమె చెయ్యి పట్టుకున్నాను.

“లేదమ్మా,” అన్నాను. “అది నీళ్ల సీసా.”

ఆమె డాక్టరు చేతిలోని సీసా చూసింది. అడిగి తీసుకుంది. వెలుతురుకు ఎత్తి పట్టి చూసింది, తరవాత కళ్లు తెరిచే మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మాత్రం ఏడవలేదు.

“అట్లయితే ఈ వాసన సీసాలోనించి వచ్చింది కాదు,” అంది. “నాదే.”

డాక్టరు రాస్తున్న కలం ఆపాడు.

“అప్పా, దీన్ని నాకిస్తావా?” అని అడిగింది.

ఆయన మూత గట్టిగా బిగించి ఇచ్చాడు.