ముందే చదివిన చివరి అధ్యాయం

తప్పంతా నాదేనని మా అక్క అంటుంది. నేను ఒప్పుకోను. ఒప్పుకుంటే జన్మంతా దెప్పుతుంది.

ఓ పాత నవలను ఆడియో పుస్తకంగా తయారుచేసే పని నాది. అందులో తల్లీతండ్రీ లేని పిల్లవాడు మొదటి అధ్యాయంలో తాత చెయ్యి పట్టుకుని నడుస్తాడు. చివరి అధ్యాయంలో మీసాలొచ్చినవాడై తిరిగొచ్చి, చూపు పోయిన తాత ఇంటి తలుపు తడతాడు. మధ్యలో వాడు పెరగడమే కథ. వాడి మాటలన్నీ అక్క కొడుకు చెప్పాలి. మావాణ్ణి ఇంట్లో బుడ్డోడంటాం.

తాత మాటలు చెప్పే నటుడు బాగా పెద్దాయన. ఆయన ఎప్పుడు మంచం పడతాడోనని భయపడి, ఆయన మాటలు ఎక్కువున్న చివరి అధ్యాయాలు ఇద్దరిచేతా ముందే చదివించేశాను. అంతలో ప్రచురణకర్త పని ఆపాడు. నెలలు గడిచాక మళ్లీ మొదలుపెట్టమన్నాడు. పెద్దాయన గుండ్రాయిలా ఉన్నాడు. బుడ్డోడి గొంతే బొంగురుపోయింది. ఇప్పుడు మీసాలొచ్చినవాడు పిచ్చుకలా కిచకిచలాడతాడు, పాలపళ్లవాడేమో కుండలోంచి మాట్లాడతాడు.

మాది ఒకే గది. గోడలకు పాత దుప్పట్లు, మధ్యలో మైకు, పక్కనే నేను. ఎవరు గట్టిగా ఊపిరి పీల్చినా రికార్డయిపోతుంది.

"తాతా, నన్ను ఎత్తుకో," అన్నాడు బుడ్డోడు. తాతనే ఎత్తుకునేలా ఉంది ఆ గొంతు.

"మళ్లీ! కాస్త సన్నగా!"

సన్నగా అనబోయి పిల్లిలా అరిచాడు. మూలన కూర్చున్న వాడి చెల్లెలు చిట్టి కిసుక్కున నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

"కొన్నాళ్లు ఆగలేకపోయావురా?" అన్నాను. ఇంతకంటే తెలివితక్కువ మాట నా జన్మలో అనలేదు.

అంతలో, నేను పంపిన ముక్కలు విన్న ప్రచురణకర్త ఫోను. స్పీకరు ఆపడం మరిచిపోయాను.

"ఇంకో పిల్లాణ్ణి పెట్టి మొత్తం మళ్లీ చదివించండి. వీడి గొంతు ఎక్కడా వద్దు."

పుస్తకంలో తన గొంతే ఉంటుందని బుడ్డోడు తరగతిలో అందరికీ చెప్పుకున్నాడు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఏదో సర్దిచెప్పబోతే తల అడ్డంగా ఊపాడు.

"చిన్నప్పటి మాటలు చెల్లి చెబుతుంది మామయ్యా. చివరివి నేను మళ్లీ చదువుతా. పెద్దయ్యాకే కదా వాడు తిరిగొచ్చేది?"

"మరి నీ పాత గొంతు?"

"చెరిపెయ్. అది అక్కడ అతకదు."

ఎంత తేలిగ్గా అనేశాడు! నాకు మాత్రం ప్రాణం ఒప్పలేదు. నా భుజాలెక్కి ఊరేగుతూ ఆ గొంతుతోనే కదా వాడు నన్ను పిలిచింది. వాడు ఎదిగినందుకు నాకు నిజంగా కోపం వచ్చింది. ఆ కోపంలోనే చెరిపేశాను.

ప్రచురణకర్తా సరేనన్నాక, చిన్నప్పటి మాటలు చిట్టి గడగడా చెప్పేసింది. "త్వరగా కానివ్వు మామయ్యా, మళ్లీ నేనూ పెరిగిపోతాను," అని నన్ను దెప్పింది కూడా. అచ్చం వాళ్లమ్మే.

ఇక చివరి అధ్యాయం. హెడ్‌ఫోన్లలో పెద్దాయన గొంతు వినిపించింది. "ఎవరది, తలుపు దగ్గర?"

బుడ్డోడు మైకు ముందుకు వంగాడు. "నేనే తాతా. గొంతు మారింది, గుర్తుపట్టవేమో."

ఎవరో పరాయి మగవాడి గొంతు. వంక పెట్టడానికి లేదు. అయినా వంక కోసం వెతుకుతూనే ఉన్నాను. ఇంతలో ముక్కు ఎగబీల్చిన చప్పుడు గదంతా వినిపించింది. నాదే.

"మళ్లీనా మామయ్యా?"

"మళ్లీ," అన్నాను కళ్లు తుడుచుకుంటూ. "తప్పు నాదేరా."