తాతబొమ్మ ఎడమచెయ్యి

ఫిల్మ్ నగర్ స్టూడియోలో, సెట్టుకోసం ఎత్తుగా కట్టిన చెక్క అరుగు కింద, శకుంతలమ్మ, హిమజ పక్కపక్కనే వెల్లకిలా పడుకుని ఉన్నారు. పైన అరుగుకు కోసిన కంతలో తాతబొమ్మ కూర్చుంది. తలలో హిమజ చెయ్యి, ఎడమచేతి తొడుగులో శకుంతలమ్మ చెయ్యి. బొమ్మ ఎలా కదులుతోందో చూసుకోవడానికి కాళ్లదగ్గర చిన్న టీవీ.

పద్దెనిమిదేళ్లు ఆ తల ఆడించింది శకుంతలమ్మ భర్త అచ్యుతరామయ్య. నాలుగు నెలల క్రితం ఆయన పోయాడు. పోయే ముందు ఏడాదిపాటు మధురానగర్ ఇంటి డాబామీద ఈ హిమజకు పని నేర్పాడు. శకుంతలమ్మ కాఫీ పట్టుకుని మెట్లమీద నిలబడి, పైన ఆయన నవ్వు వింటూ, చల్లారాక పైకి వెళ్లేది.

షాట్ మొదలైంది. "తాతా, అమ్మ ఎప్పుడొస్తుంది?" అంది బొమ్మ పక్కన కూర్చున్న పాప. తాత తల మెల్లగా ఎడమవైపు ఒరిగింది. తరువాత చెయ్యి లేచి పాప తలమీద వాలింది.

"అచ్చం రామయ్యగారు లేచొచ్చినట్టుందండీ!" అన్నాడు పైన ఎవరో.

శకుంతలమ్మ కూడా ఆ బొమ్మలోనే ఉంది. తన గురించి ఎవరూ ఒక్కమాటా అనలేదు.

"ఇంకొకటి తీసుకుందాం" అన్నాడు దర్శకుడు చంద్రశేఖర్.

"ఆ తల ఒరగడం నీకు ఎవరు చెప్పారు?" అని అడిగింది శకుంతలమ్మ.

"సారే చెప్పిన్రు మేడమ్. మేడమ్ చెయ్యి జర ఆలస్యంగా లేస్తది, గంతసేపు తల ఒంచు, తాత ఆలోచిస్తున్నట్టు కనపడ్తది అన్నరు. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. పద్దెనిమిదేళ్లలో ఒక్కనాడూ చెప్పలేదు. ఊరంతా మెచ్చుకున్న ఆ ఒరగడం తన లోపానికి ఆయన వేసిన ముసుగని ఈ పిల్లకు తెలుసు, తనకు తెలియదు.

ఈసారి మాట పూర్తికాకముందే శకుంతలమ్మ చెయ్యి లేపేసింది. తల ఒరగడానికి వ్యవధి లేకపోయింది.

"ఏంటండీ, తాత కదిలే బస్సు అందుకుంటున్నట్టు చెయ్యి చాపేశాడు! ఆలోచించడేం? హిమజా, ఆ తల ఒరగడమేదీ?"

మళ్లీ తీశారు. శకుంతలమ్మ మళ్లీ అదే చేసింది. తిట్టు పక్కనున్న హిమజమీద పడుతుంటే ఆమెకు లోపల ఒక చల్లదనం తోచింది.

"ఆ అమ్మాయికి చేత కావట్లేదు. తలకి వేరేవాళ్లని చూడండయ్యా" అన్నాడు చంద్రశేఖర్ విసుగ్గా.

వేరేవాళ్లు. వాళ్లకు ఆ ఒరగడం తెలియదు. తన చేతికోసం ఆయన ఆగిన ఆ క్షణం ఇక ఎక్కడా ఉండదు.

"తప్పు నాదండీ!" అంది శకుంతలమ్మ అరుగు కిందనుంచి. "చెయ్యి తొందరపడింది. ఇంకొక్కసారి తీయండి."

పాప అడిగింది. శకుంతలమ్మ ఎప్పటిలాగే ఆలస్యం చేసింది. టీవీలో తల ఒరిగింది. అది ఒరిగింది తన వైపే అని ఆమె మొదటిసారి గమనించింది.

షాట్ ఖాయమైంది. పని అయ్యాక బొమ్మ ముఖంమీద రుమాలు కప్పి నిద్రపుచ్చాలి, అది తల పట్టినవాళ్ల వంతు. హిమజ పెట్టెలోంచి రుమాలు తీసింది. శకుంతలమ్మ దాన్ని ఆమె చేతిలోంచి లాగేసుకుంది.

"తల నీదే. ఇది మాత్రం నేను కప్పుతాను."