ఆనందకుమారి జీతం

ఉడుకుతున్న సోడా నీళ్లలో దుప్పట్లను కర్రతో తిప్పుతూనే ఆనందకుమారి ఆఫీసు గది వైపు మాటిమాటికీ చూస్తోంది. జీతాల రోజు. ఆవిరికి కళ్లు మండుతున్నాయి. సోడా నీళ్లకు నాని నాని వేళ్ల సందులు తెల్లగా ఒరిసిపోయాయి, గోళ్లు అరిగిపోయాయి. తోటపల్లి గూడూరు మిషన్ ఆసుపత్రిలో ఆమె గుడ్డలుతికే పనికి కుదిరిన ఏట పుట్టిన ఆడపిల్లలు ఇప్పుడు అక్కడికే కాన్పుకు వస్తున్నారు.

పోయినేడు గాలివానకు ఇంటి కప్పు లేచిపోతే ఊళ్లో జనం డబ్బు దాచుకునే, అప్పులిచ్చే నిధిలో అప్పు తీసుకుంది. నెలకు ఐదు రూపాయల కంతు కట్టేటట్టు మాట. ఆసుపత్రి వాళ్ల జీతాలు పడేదీ ఆ నిధిలోనే. అదే ఆమె కొంప ముంచింది. పోయిన నెల జీతానికి వెళితే, నిధి నడిపే చెంచురామయ్య తలెత్తకుండానే, "అంతా నీ అప్పు కింద జమేసుకున్నాం, పో" అన్నాడు. ఇంట్లో ఉన్నది చూపులేని తల్లి మస్తానమ్మ. ఆ ముసలిది నెలంతా గంజినీళ్లు తాగి, "కడుపు నిండిందిలే అమ్మా" అంటూ వచ్చింది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఆనందకుమారికి ఒళ్లు మండిపోతుంది.

మధ్యాహ్నం గంట కొట్టగానే వెళ్లి గుమాస్తా క్రీస్తురాజు ముందు నిలబడింది.

"నా జీతం నిధికి పంపబాకన్నా. చేతికియ్యి."

"అందరికీ ఒకటే పద్ధతి గదమ్మా."

"అందరి అమ్మలూ పస్తులుండారా?"

ఆయన పద్దు పుస్తకం ఆమె ముందుకు జరిపాడు. వేలిముద్ర వేయించుకుని డబ్బు ఇచ్చేశాడు.

ఇంట్లో పెడితే నిధి మనుషులు వచ్చి ఎత్తుకుపోతారు. అందుకని బియ్యానికీ కంతుకూ ఉంచుకుని, మిగిలింది పట్టుకుని పోస్టాఫీసుకు నడిచింది.

"దీంట్లో ఏసింది ఆ నిధాయన తీసుకోగలడా సామీ?"

పోస్టుమాస్టరు కామాక్షయ్య కళ్లజోడు పైకి జరిపాడు. "కోర్టు ఉత్తర్వు తెస్తే తప్ప, నీ వేలిముద్ర లేకుండా పైసా కదలదు. నువ్వు లేకపోతే ఎవరికియ్యాలో కూడా చెప్పు, రాసుకుంటా."

"మా అమ్మకి."

అక్కడి నుంచి తిన్నగా నిధికి వెళ్లి ఐదు రూపాయలు బల్ల మీద పెట్టింది.

"ఇదేంది, నీ జీతం ఇక్కడికి రాలేదే?" అన్నాడు చెంచురామయ్య.

"పోస్టాఫీసులో ఏసుకున్నా. ఈ నెల కంతు ఇదో, రసీదియ్యి."

"అప్పున్న మనిషివి, దాచుకునేదానికి సిగ్గులేదా?"

"సిగ్గు నీకుండాల! అప్పు నాది, కడతా ఉండా. మా అమ్మ నోటికాడ కూడు నీకు రాసిచ్చినానా?"

వరండాలో జనం తలలు తిప్పి చూశారు. అలాంటి మనిషి ముందు ఆమె గొంతెత్తడం పుట్టి బుద్ధెరిగిన తర్వాత అదే మొదలు. రసీదు చేతికి వచ్చేదాకా కదల్లేదు.

తిరిగి వచ్చి, ఆ కోపమంతా గుడ్డల మీద చూపిస్తూ పొద్దుగూకేదాకా ఉతికింది. ఆరేసింది. చాకిరేవు పాక గోడకు ఆనుకుని, వక్కాకు తిత్తి విప్పుకుని కూర్చుంది. పాక తలుపు వేయడానికి వచ్చిన ఆయా పిలిస్తే పలకలేదు. భుజం తట్టేసరికి ఒక పక్కకు ఒరిగిపోయింది.

ఆమెను పూడ్చిపెట్టిన మర్నాడే చెంచురామయ్య పోస్టాఫీసు మెట్లెక్కాడు. "ఆమె మాకు బాకీ. ఆ డబ్బు మాకు రావాల."

"కోర్టుకు పోండి" అన్నాడు కామాక్షయ్య, కూర్చోమనకుండా. అంత చిన్న బాకీకి కోర్టుకెక్కితే చేతి చమురు వదలడమేనని చెంచురామయ్యకు తెలుసు. మెట్లు దిగి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు ఇరుగుపొరుగు మస్తానమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. కామాక్షయ్య నోట్లు ఆమె గుప్పిట్లో పెట్టి వేళ్లు మూశాడు. "నా బిడ్డ కూలేనా నాయనా?" అని అడిగింది ముసలిది. ఆయన ఔనన్నాడు.

చాకిరేవు పాకలో ఆనందకుమారి కూర్చున్న చోట వక్కాకు తిత్తి విప్పింది విప్పినట్టే ఉంది. సున్నం రాసి పెట్టుకున్న తమలపాకొకటి దాని మీద ఎండి చుట్టుకుపోయింది.