టేపు రెండో కొస

చెల్లి పోయాక ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గానీ, బయట అందరి నోళ్ళలోనూ ఒకటే ప్రశ్న నానుతోంది. పడిందా, దూకిందా? పరామర్శకు వచ్చిన మేడమీదావిడ అమ్మ చెయ్యి పట్టుకుని, "ఏదైనా బెంగ పెట్టుకుందేమో, కనుక్కున్నారా?" అని ఆరా తీసింది. ఆర్కిటెక్చర్ కాలేజీవాళ్ళయితే చేతులు దులుపుకున్నారు. పాత కట్టడాన్ని కొలిచి బొమ్మ గీసుకురమ్మన్నాం గానీ అంచుదాకా వెళ్ళమన్నామా అన్నారు.

అక్క డ్యూటీకి వెళ్ళొస్తూనే ఉంది. ఆసుపత్రి ల్యాబులో రోజంతా రక్తం తీసే మనిషి. సూది గుచ్చేటప్పుడు చెయ్యి వణక్కూడదని ఆలోచనలన్నీ అణిచిపెట్టుకునేది. అణగనిది ఒక్కటే. ఆ రోజు పొద్దున జడ వేసుకుంటూ చెల్లి, "ఈ చదువు నావల్ల కావట్లేదక్కా" అంది. డ్యూటీకి ఆలస్యమైపోతోందని అక్క చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ, "సాయంత్రం మాట్లాడుకుందాంలే" అని వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికే కబురొచ్చింది.

ఒక ఆదివారం చెల్లి స్నేహితురాలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. సన్నగా, పొడుగ్గా ఉంటుందని చెల్లి ఆ అమ్మాయిని కొంగ అనేది. ఇంట్లో అందరికీ ఆ పేరే అలవాటైపోయింది. ఆ రోజు కొలత టేపు ఒక కొస పట్టుకున్నది కొంగే.

"బొమ్మ సగంలో ఆగిపోయిందక్కా. సారు వేరే కట్టడం తీసుకోమన్నారు. నేను దీన్నే పూర్తిచేస్తానన్నాను, ఇద్దరి పేర్లతో. కానీ టేపు పట్టడానికి మా క్లాసులో ఎవరూ రానంటున్నారు."

మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న అమ్మ కదల్లేదు. "కట్టేసిన కొంపని కొలవడానికి కాలేజీ ఎందుకే" అని ఒకప్పుడు చెల్లిని ఆటపట్టించిన మనిషే. "ఉన్నదాన్ని ఉన్నట్టు చూడ్డం వస్తేనే కొత్తది కట్టనిస్తారమ్మా" అని చెల్లి మూతి ముడుచుకునేది.

"పద, నేనొస్తాను," అంది అక్క.

అది మూతబడిన ఐసు ఫ్యాక్టరీ. వాచ్‌మన్ కొంగను గుర్తుపట్టి కసురుకోబోయాడు. పక్కనున్నది ఎవరో తెలిశాక తాళం తీశాడు. లోపల గోడలు ఉప్పు పట్టి పెచ్చులూడుతున్నాయి. ఎటు తిరిగినా తుప్పు వాసన. అక్క టేపు మొదటి కొసను మూలకు ఆనించి పట్టుకుంటే, కొంగ అటునుంచి అంకె చదివి రాసుకుంది. నాలుగు గోడలూ అయ్యాక మూల నుంచి ఎదురు మూలకు ఐమూలగా కూడా లాగింది.

"గోడలు కొలిచాం కదా, మళ్ళీ ఇదెందుకు?"

"గదులన్నీ చూడ్డానికి చక్కగానే ఉంటాయక్కా. ఇలా కొలిస్తే గానీ వంకర బయటపడదు."

పై అంతస్తులో ఒక గోడకు తలుపంత ఖాళీ ఉంది. ఐసు దిమ్మల్ని అందులోంచే కింద లారీల్లోకి జార్చేవాళ్ళట. ఇప్పుడు దానికి అడ్డంగా తాడు కట్టారు.

"అక్కడేనా?"

కొంగ తలూపింది.

"అక్కడి కొలత తీశారా?"

"లేదు. అదే మిగిలింది. వదిలేద్దామక్కా, అంచనాగా వేసేస్తాను."

"ఆ టేపు చుట్ట ఇలా ఇయ్యి."

మొదటి కొసను కొంగ ఎదుటి గోడకు ఆనించింది. అక్క టేపు విప్పుకుంటూ వెనక్కి నడిచింది. కొంచెం దూరం వెళ్ళేసరికి టేపు మధ్యలో కుంగింది. "పైకెత్తి బిగించక్కా," అంది కొంగ. అక్క ఎత్తింది, బిగించింది, మెలి తిరిగిన చోట సరిచేసుకుంటూ మళ్ళీ వెనక్కి జరిగింది. కళ్ళు టేపు మీదే ఉన్నాయి. ఇంకా బోలెడు చోటుందనుకుంది. అంతలో వీపుకు తాడు తగిలింది. తల తిప్పి చూస్తే మడమ అంచు మీదుంది. కింద గచ్చు.

నాలుగడుగులు ముందుకొచ్చి నిలబడింది.

"ఆ రోజు అదేమైనా అందా?"

"'బిగించవే కొంగా, కుంగిపోతోంది' అంది. అదే ఆఖరి మాట." కొంగ గోడవైపు తిరిగింది. "నా నెత్తిన పడిన బూజు చూసి నవ్వుతూనే ఉందక్కా. ఒక్కసారిగా టేపు నా చేతిలోంచి లాక్కుపోయింది."

"చదువు తనవల్ల కావట్లేదని నీతో కూడా అందా?"

"అది వారానికోసారి అనేదే కదా. నేనూ అంటాను. అందరం అంటాం."

అక్క అక్కడే కూలబడింది. ఇన్నాళ్ళూ గుండెల్లో బిగుసుకున్నది వదులైంది గానీ, అందులో ఓదార్పేమీ లేదు. దూకలేదు. ఒక అంకె కోసం వెనక్కి నడిచింది. ఈ తాడేదో ముందే కట్టాలని ఎవరికీ తోచలేదు. లేచి, ఈసారి అడుగడుగుకీ వెనక్కి చూసుకుంటూ వెళ్ళి టేపు బిగించి అంకె చదివింది. కొంగ చేతిలో పెన్సిలు కదలకపోతే, "రాయమ్మా," అంది.

బొమ్మ ఇద్దరి పేర్లతోనే కాలేజీకి వెళ్ళింది. సారు తలెత్తకుండా తీసుకున్నారని కొంగ చెప్పింది. అక్క ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి, అంచుకు అడ్డులేని చోటికి పిల్లల్ని ఎలా పంపారని నిలదీసింది. ఆయన బల్ల మీది ఫైలు మూశాడు. విచారణ ముగిసిందని, అమ్మాయి అజాగ్రత్తేనని తేలిందని చెప్పి కుర్చీలోంచి లేచాడు. ఆ మాట మార్చినవాళ్ళు లేరు.

అమ్మకు ఎలా చెప్పాలో తెలియక అక్క అంతదాకా దాటేస్తూ వచ్చింది. ఆ సాయంత్రం మంచం పట్టె మీద కూర్చుంది.

"అమ్మా, అది దూకలేదే. కొలుస్తూ వెనక్కి నడిచి పడిపోయింది. నేను వెళ్ళి చూసొచ్చాను."

అమ్మ ఇటు తిరగలేదు. "అయితే దానికి బతకాలనే ఉందన్నమాట," అంది.

ఇన్నాళ్ళూ రాని ఏడుపు అమ్మకు అప్పుడొచ్చింది. అక్క ఊరుకోమనలేదు.